డిసెంబర్‌లో ఎల్లోస్టోన్

కుటుంబమంతా కూర్చుని ప్రయాణాలు ఖాయం చేసుకోవడంలో ఎంత ఆనందముందో అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా ఎల్లోస్టోన్ ప్రయాణం ఎలా ఖాయమైందో వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది.

అప్పట్లో మేం షార్జాలో ఉండేవాళ్ళం. నేను అక్కడి ఒక ఇండియన్ స్కూల్లో సోషల్ టీచర్ని. మా ఆయన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజర్. ఏడో తరగతికి ఏటా భూమి లోపలి వేడి గురించి పాఠం చెప్పేదాన్ని. బోర్డు మీద కింద కాగుతున్న రాయి, దాని మీద నీళ్ళు, పైకి సన్నటి గొట్టం గీసి, ఆ నీళ్ళు మరిగి మరిగి ఒక్కసారిగా ఆకాశంలోకి ఎలా ఎగజిమ్ముతాయో వివరించేదాన్ని. అలాంటి గీజర్లు లోకంలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో. అడవిదున్నలూ తోడేళ్ళూ ఎలుగుబంట్లూ వాటి చుట్టుపక్కలే తిరుగుతుంటాయి. ఏనాడూ చూడనిదాన్ని చూసినట్టే చెప్పీ చెప్పీ, ఒక్కసారైనా దాని ముందు నిలబడాలన్న కోరిక నాలో బాగా ముదిరిపోయింది. నగలు అడగలేదు, ఫ్లాటు కొనమనలేదు. అదొక్కటే అడిగాను.

మా ఆయన వెంటనే సరేనన్నారు. ఆ వారమే ఆ సంగతి అన్నయ్యగారి చెవిన కూడా వేశారు. నా కొంప మునిగింది అక్కడే.

అన్నయ్యగారు మాకు చుట్టమేమీ కాదు. మా ఆయనకు ఫ్యాక్టరీలో సీనియర్, కరీంనగర్ మనిషి. మా అందరికంటే ముందు దుబాయ్ వచ్చారు కాబట్టి అందరికీ అన్నయ్య. చెడ్డమనిషి కాదు, ఆ మాట చెప్పాలి. శుక్రవారం భోజనాలు ఎక్కువగా వాళ్ళింట్లోనే. మగవాళ్ళు హాల్లో సోఫాల మీద, ఆడవాళ్ళం వంటింట్లోనో పడగ్గదిలోనో. ఎవరూ పెట్టిన నియమం కాదు, అయినా ఎవరూ తప్పేవాళ్ళు కాదు. ప్రయాణాలు తేలేది హాల్లో. మేం అక్కడికి వెళ్ళేది గిన్నెలు పట్టుకుని.

గల్ఫ్‌లో చలికాలమంటే పండగే. మే నుంచి సెప్టెంబర్ దాకా తలుపు తీస్తే మొహానికి పొయ్యి సెగ కొట్టినట్టుంటుంది. ఇంట్లోంచి కార్లోకి, కార్లోంచి మాల్లోకి, అంతే బతుకు. నవంబర్ రాగానే చాపలూ బొగ్గులూ డిక్కీలో పడేసుకుని ఎడారికీ, హత్తా కొండలకీ బయల్దేరతారు. ఆ తిరుగుళ్ళన్నిటికీ పెత్తనం అన్నయ్యగారిదే. అందుకే ఆయన లెక్కలో బయట తిరిగే కాలమంటే చలికాలం, ప్రపంచంలో ఎక్కడైనా సరే. విషయం వినగానే సోఫాలో కాళ్ళు మడిచి కూర్చుని తేల్చేశారు.

"డిసెంబర్ల వోదాం తమ్మీ. మా పోరగాండ్లకు సెలవులుంటయ్, మౌసమ్ గూడ మంచిగుంటది. రెండు ఫ్యామిలీలు, ఒక పెద్ద వ్యాను. యల్లా, ఖలాస్!"

నేను పప్పు గిన్నెతో గుమ్మంలో ఉన్నాను. "డిసెంబర్‌లో అక్కడ విపరీతంగా మంచు పడుతుందన్నయ్యా. లోపలి రోడ్లు చాలావరకు నవంబర్‌లోనే మూసేస్తారు. మన వ్యాన్లని వెళ్ళనివ్వరు. వేసవిలోనే వెళ్ళాలి" అన్నాను.

ఆయన నవ్వారు. "అమెరికాల రోడ్లు బంద్ వెడ్తరా చెల్లె? గంత పెద్ద దేశంల! మిషిన్లు వెట్టి ఎంబడే తీసేస్తరు."

"దీనికి అన్నీ పుస్తకాల్లోంచి వస్తాయన్నయ్యా" అంటూ మా ఆయన కూడా నవ్వారు. ఆ గిన్నె ఎవరి నెత్తిన బోర్లించాలో నాకు తెలుసు. బల్ల మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

ఇంటికొచ్చాక కంప్యూటర్లో పార్కువాళ్ళ పేజీ తెరిచి చూపించాను. ఏ రోడ్డు ఎప్పుడు మూస్తారో అందులో స్పష్టంగా ఉంది. "జాగ్రత్త కోసం అలానే రాస్తార్లేవే. మా ఫ్యాక్టరీలో లేవా బోర్డులు, హెల్మెట్ లేకుండా లోపలికి రాకూడదని?" అన్నారు. క్వాలిటీ మేనేజర్ నోటి నుంచి వచ్చిన మాట ఇది! పోనీ, మంచు మీద నడిచే ప్రత్యేకమైన బండ్లు కొన్ని ఉంటాయి, వాటిలో ముందే సీట్లు తీసుకుందామన్నాను. అన్నయ్యగారి వ్యాను ఉండగా అవెందుకన్నారు.

శుక్రవారం శుక్రవారం ఆ ప్రణాళిక హాల్లో పెరుగుతూనే ఉంది. ఒకరోజు అన్నయ్యగారు కోడిముక్కలకు మసాలా పట్టించి తీసుకెళ్ళి గీజర్ పక్కన బొగ్గుల మీద కాలుద్దామన్నారు. ఎలుగుబంట్లు తిరిగే చోట తిండి బయట పెట్టకూడదని, ఇనప పెట్టెల్లో పెట్టి మూసేయాలని చెప్పాను. "ఎలుగ్గొడ్డుకు గూడ ఒక లెగ్ పీస్ వెడ్తం తియ్" అన్నారు. హాలంతా ఒకటే నవ్వులు. ఆ నెలలో ఎలుగుబంట్లు గుహల్లో నిద్రపోతుంటాయని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. వంటింట్లో వదినగారు నా భుజం తట్టి, "నువ్వెందుకు పరేషాన్ అయితవ్? ఆళ్ళే సూస్కుంటరు తియ్" అన్నారు. ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. వాళ్ళు ఏం చూస్తున్నారని!

అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ మా ఇద్దరికీ ఒకేసారి పడింది. ఫోన్లు లోపలికి రానివ్వరని కార్లో వదిలి వెళ్ళాం. "నువ్వేం మాట్లాడకు, నేను చెప్తాగా" అని లైన్లో నిలబడ్డంతసేపూ హెచ్చరిస్తూనే ఉన్నారు. కిటికీ అవతల ఉన్న ఆఫీసర్ కాగితాలు తిరగేసి, ఎందుకు వెళ్తున్నారని అడిగాడు. డిసెంబర్‌లో ఎల్లోస్టోన్ చూడ్డానికి అన్నారు మా ఆయన.

ఆఫీసర్ తలెత్తాడు. "డిసెంబర్‌లోనా? లోపలి రోడ్లు చాలావరకు మూసేస్తారే. బాగా చూడాలంటే వేసవిలో వెళ్ళండి" అన్నాడు.

మా ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "అవునా! చాలా మంచి విషయం చెప్పారు సర్. థాంక్యూ సర్." అంతటితో ఆగలేదు. నాకు ఆ వార్త అందిందో లేదోనని ఇటు తిరిగి, "రోడ్లు మూసేస్తారంట" అన్నారు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ కిటికీ ముందు తెలిసింది. నేను నెలల తరబడి చెప్పాను, చూపించాను, బతిమాలాను. ముక్కూమొహం తెలియని మనిషి అద్దం వెనక నుంచి ఒక్క ముక్క అనగానే అది నిజమైపోయింది. వీసాలు ఇస్తున్నామని ఆఫీసర్ చెప్పినా నాకు సంతోషం కలగలేదు.

కారు దగ్గరికి మా ఆయన దాదాపు పరిగెత్తారు, అన్నయ్యగారికి ఫోన్ చెయ్యడానికి. స్పీకర్లో అవతలి గొంతు వినబడింది. "గట్లనా! ఆఫీసరే జెప్పిండా? మంచిదైంది తమ్మీ, లేకుంటే అందరం ఆగమైపోదుం." ఫోన్ పెట్టేసి మా ఆయన నాతో అన్నారు: "చూశావా, ఆఫీసర్ చెప్పబట్టి సరిపోయింది." నేను సీటు బెల్టు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. నోరు తెరిస్తే ఆ రోజు ఇల్లు చేరేవాళ్ళం కాదు.

తర్వాతి శుక్రవారానికల్లా హాల్లో ఎల్లోస్టోన్ పోయి ఫ్లోరిడా సముద్రతీరం వచ్చింది. "మా బాసు, ఆ ముదీర్, డిసెంబర్‌కే లీవిచ్చాడు, ఇప్పుడు మార్చమంటే మార్చడు. ఈసారికి అది చూద్దాం. అక్కడ కూడా నీళ్ళేగా" అన్నారు మా ఆయన.

అక్కడ కూడా నీళ్ళేనట.

"మీరు వెళ్ళి రండి. నేను స్కూలు సెలవులు ఇచ్చాక జూలైలో ఎల్లోస్టోన్ వెళ్తాను" అన్నాను.

"జూలైలో నాకు కుదరదు కదా."

"తెలుసు."

"ఒక్కదానివే? దారీ తెన్నూ తెలీని చోటికి?"

ఆ పార్కులో దారులన్నీ కలిసి ఎనిమిది అంకెలా ఉంటాయని, ఏ మలుపు దగ్గర ఏ వేడినీటి బుగ్గ ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలనని ఆయనకు తెలియదు. ఎప్పుడైనా అడిగితే కదా తెలిసేది. షార్జాలో నా వీసాకు పూచీ ఆయనదే, కాగితం మీద ఆయనే నా కఫీల్. నా కాళ్ళకు కూడా ఆయనే కఫీలా? "నాకు దారి తెలుసో లేదో ఆ ఆఫీసర్ని అడిగి రండి. ఆయన చెప్తే నమ్ముతారుగా" అన్నాను. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగారు.

నా జీతంతోనే టికెట్ కొనుక్కుని జూలైలో వెళ్ళాను. గీజర్ ముందు చెక్కబల్ల మీద గంటకు పైగా కూర్చున్నాను. అది రెండు మూడుసార్లు ఊరికే తుళ్ళి, మోసం చేసి, ఆ తర్వాత లేచింది. నేను గట్టిగా ఏడ్చాను. పక్కన ఎవరేమనుకున్నా నాకు పట్టలేదు.

తిరిగొచ్చాక మొదటి శుక్రవారం అన్నయ్యగారింట్లోనే భోజనం. నేను అన్నం గిన్నె తీసుకుని హాల్లోకి వస్తున్నాను. అన్నయ్యగారు మా ఆయన వైపు తిరిగి, "ఎట్లుందట తమ్మీ ఆ పార్కు?" అని అడిగారు.

"బ్రహ్మాండంగా ఉందంటన్నయ్యా. గంటన్నరకోసారి లేస్తుందంట..." అని మా ఆయన మొదలుపెట్టారు.

నేను గిన్నె ఆయన చేతిలో పెట్టి, సోఫాలో అన్నయ్యగారికి ఎదురుగా కూర్చున్నాను.

"వెళ్ళింది నేను అన్నయ్యా. ఇటు తిరిగి అడగండి."