పంచరు పూల సంచి

లారీ ట్యూబుకి ముందు ఊపిరి ఉంటుంది. ఉక్కు చుట్టలు మోసుకుంటూ రాయపూర్ దాకా పోయి, ఘాట్ రోడ్డులో వేడెక్కి, వానలో చల్లబడి, మళ్లీ పోర్టు గేటు దగ్గర వరసలో వచ్చి నిలబడుతుంది. ఏదో ఒక రోజు దానిలో ఊపిరి నిలవదు. అలాంటి ట్యూబులు గాజువాకలో రోజలిన్ ఇంటి వసారాకి చేరతాయి. చెవికమ్మలుగా, బెల్టులుగా, పర్సులుగా, భుజానికి తగిలించుకునే సంచులుగా అక్కణ్ణించి మళ్లీ ఊళ్లోకి బయల్దేరతాయి.

పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఆరేళ్లు రోజలిన్ అచ్యుతాపురంలో బట్టల ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆరేళ్లూ ఒకటే పని, ప్యాంట్లకి నడుముపట్టీ కుట్టడం. రోజుకి వందల నడుములు ఆమె చేతుల్లోంచి పోయేవి. వాటిని తొడుక్కున్న మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు. కూతురు అక్సా పుట్టాక మానేసింది.

ఒక రోజు స్కూటీకి పంచరైతే హైవే పక్కన చలమయ్య షాపు దగ్గర ఆగింది. షాపు వెనకాల ట్యూబుల గుట్ట ఉంది. వాన పడి వెలిసింది అప్పుడే. తడిసిన నలుపు మీద సాయంత్రం ఎండ పడి గుట్ట మొత్తం మెరుస్తోంది. ఒక్కో ట్యూబు మీదా గుండ్రంగా, అంచుల్లో చిన్న చిన్న గాట్లతో చలమయ్య వేసిన అతుకులు. రోజలిన్ కళ్లకి అవి పువ్వుల్లా కనిపించాయి.

"ఏటమ్మా, అలా సూత్తన్నావు? సచ్చిపోయినాయి అయ్యి," అన్నాడు చలమయ్య.

"సావనేదు బాబాయ్. అలిసిపోయినాయి అంతే."

చలమయ్య ఆమె వంక ఓసారి, ట్యూబుల వంక ఓసారి చూశాడు. "అలాగైతే ఓ నాలుగు తీసుకెళ్లి పడుకోబెట్టు," అని నవ్వాడు.

అలా మొదలైంది. ట్యూబుని చీల్చి కుంకుడు రసంతో రెండుసార్లు కడుగుతుంది. నీడన ఆరబెట్టి కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తుంది. రబ్బరు మిషను పాదానికి అంటుకుని కదలదు కాబట్టి పైన పాత న్యూస్‌పేపరు పరిచి కుడుతుంది. కుట్టాక కాగితం చింపేస్తే దారం కింద ఒకటో రెండో అక్షరాలు మిగిలిపోతాయి. వాటిని ఆమె పీకదు. ఒక పర్సు మీద "వా" ఉంటుంది, ఇంకో దాని మీద సగం "న". కత్తిరించేటప్పుడు చలమయ్య అతుకు సరిగ్గా సంచి నడుమకి వచ్చేలా చూసుకుంటుంది.

ఇదంతా అత్తగారు జయమణికి నచ్చలేదు. ఆవిడ ముప్పై ఏళ్లు ఆస్పత్రిలో నర్సుగా తెల్ల చీర కట్టిన మనిషి. నల్లగా ఉన్నదేదైనా ఇంకా ఉతకాల్సిందనే ఆమె లెక్క. చేపలమ్మే పోతమ్మని కూడా గేటు దాటి రానివ్వదు. ఆమె గంపలోంచి నీళ్లు కారి, తుడిచిన గచ్చు మీద చారలు పడతాయని.

"అతుకుల సంచి ఎవులు కొంటారే? అతుకు కనపడకుండా కుట్టడం మా కాలంలో పనితనం. నువ్వేటి, ఏరి కోరి ముందుకి పెడతన్నావు!" అనేది కోడలితో.

నవంబరులో చర్చిలో కోతల పండుగ వస్తుంది. పొలం లేని గాజువాకలో కూడా ఇంటింటికీ ఓ ప్రథమ ఫలం ఉంటుంది. డాబా మీద కుండీలో కాసిన వంకాయ, కోడిపెట్ట తొలి గుడ్డు, కొత్త ఉద్యోగం వచ్చినవాళ్లు మొదటి జీతంతో కొన్న బియ్యం. అన్నీ తెచ్చి బల్ల మీద పెడతారు, ఆరాధనయ్యాక వేలం పాడతారు. ఆ ఏడు రోజలిన్ దళసరి రబ్బరు కుట్టే మిషను సెకండ్‌హ్యాండులో తెచ్చుకుంది. దాని మీద కుట్టిన మొదటి సంచి దేవుడికే అని మొక్కుకుంది.

"పెలం అంటే కాయో పండో. ట్యూబుని ఎవులైనా తెత్తారేటి?" అంది జయమణి. ఆ పైన మెత్తగా, కానీ గట్టిగా చెప్పింది. "సరే, తీసుకెళ్లు. నలుగురూ మెచ్చుకుంటే నాను నోరెత్తను. నేదంటే కిస్మస్ ముందు అడ్వెంటు కూడికకి నా వసారా కాలీ సేసియ్యాల. ఆడోళ్లంతా వత్తారు, ఈ కంపులో కూకోబెట్టలేను."

ఇంట్లో ఇంకో చోటు లేదు. వసారా పోతే మిషను పోయినట్టే.

రోజలిన్ వారం రోజులు ఆ ఒక్క సంచి మీదే కూర్చుంది. అయిపోయాక చలమయ్యకి చూపించింది. ఆయన లోపలికి తొంగి చూసి తల అడ్డంగా ఊపాడు.

"కుట్టు వదిలేసినావేటమ్మా? సూది దిగిన పెతీ చోటా పంచరే కదా!"

పంచరు వేసేవాడి కంటికి కుట్టంటే వరసగా వంద చిల్లులు. ఆమె చేతిలోంచి సంచి లాక్కుని లోపల కుట్టంతా ఆకురాయితో గీకి, సొల్యూషను రాసి, సన్నటి ట్యూబు పట్టీ అతికించి సుత్తితో కొట్టాడు. అలవాటు చొప్పున నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో కూడా చూశాడు. రోజలిన్ కడుపుబ్బ నవ్వింది.

పండుగ రోజు ఆమె కోయిర్‌లో ఉంది. పాటలయ్యి కిందికి దిగేసరికి సంచి బల్ల మీద లేదు. ఎవరో దాన్ని ఉత్త సంచే అనుకుని అందులో కంద దుంపలు వేసి పెట్టారు. వేలం పాడించే సంఘపెద్ద మైఖేల్ దాన్ని పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.

"కంద! పాలు కారతన్న కంద! సంచీతో సహా! ఎవులు పాడతారు?"

"నాకే! నాకే!" అని గుమ్మం దగ్గర్నించి అరిచింది పోతమ్మ. ఆమె చర్చి మనిషి కాదు. అయినా ఏటా వేలంలో ఏదో ఒకటి పాడుకుని వెళ్తుంది. అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. కందకే కొట్టారు. సంచిని ఒక్కరూ చూడలేదు.

సోమవారం నించి రోజలిన్ ట్యూబులు కట్టలు కట్టడం మొదలుపెట్టింది. తాడు తక్కువైతే జయమణే తెచ్చి ఇచ్చింది. సాయంత్రం ఆకాశం ఉక్కు ఫ్యాక్టరీ వైపు ఎర్రబడుతుంటే వసారాలో ఒక్కో మూలా ఖాళీ అవుతూ వచ్చింది.

శనివారం పొద్దున్న గేటు చప్పుడైంది.

"ఓ జయమనమ్మా! రొయ్యలు!"

పోతమ్మ గేటు దాటి తిన్నగా వసారాలోకి వచ్చేసింది. నెత్తి మీద గంప లేదు. భుజాన నల్ల సంచి, నడుమ పువ్వులా చలమయ్య అతుకు.

"ఆగాగు! గచ్చు!" అని జయమణి లేచింది. లేచి, పోతమ్మ వెనకాల నేల చూసింది. గేటు దాకా చూసింది. వంగి, కళ్లజోడు సర్దుకుని, నర్సు కళ్లతో మళ్లీ చూసింది. ఒక్క చుక్క లేదు.

"ఏటి సూత్తన్నావు? లోపల ఐసు ఉన్నాది, రొయ్యలు ఉన్నాయి. కారదు," అంది పోతమ్మ గొప్పగా. "షేరాటోవోడు నన్ను ఎక్కించుకున్నాడే! ఇన్నేల్లూ గంప సూసి ఆపకండా ఎల్లిపోయీవోడు. హార్బర్లో మావోలు ఆరుగురు నా పేనం తీసేత్తన్నారు, ఎక్కడ కొన్నావు, ఎక్కడ కొన్నావని. కందతో వచ్చినాదంటే నమ్మరే! ఎవులు కుట్టినారే దీన్ని?"

రోజలిన్ నోరు తెరిచే లోపే, సంచిలోకి తొంగి చూసి జయమణి అందుకుంది.

"ఎవులేటి? మా కోడలు! కుట్టిన పెతీ చోటా లోపల పట్టీ ఏసినాది. పని అంటే అదీ." సంచిని చేతిలోకి తీసుకుని, అతుకు మీద బొటనవేలితో రాసి చూసింది. "అతుకు కూడా ఎంత కుదురుగా ఉన్నాదో సూడు."

రోజలిన్ కట్టిన కట్టల పక్కనే కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. అక్సా ఎందుకో తెలియకుండానే అమ్మతో కలిసి నవ్వింది. పోతమ్మ రొయ్యలు కొలిచి, కొసరుగా ఇంకో గుప్పెడు వేసింది.

"మరి అడ్వెంటు కూడిక, అత్తా?" అడిగింది రోజలిన్.

"డాబా మీద కుర్సీలేద్దాం. గాలేత్తాది." జయమణి వంగి మొదటి కట్ట ముడి తనే విప్పింది. కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది. "నా బైబులు పట్టేలా ఒకటి కుట్టు. కళ్లజోడుకి లోపల చిన్న అర. చలమయ్య అతుకు ఎనక్కి పెట్టకు, ముందుకి కనపడాల."

రోజలిన్ మిషను మీద గుడ్డ తీసి, ఆ రోజు పేపరు చదవకుండానే పరిచింది.