దారి ఇచ్చిన సరంగు నాంచారయ్య

మా బావగారు నాంచారయ్య సరంగు మొన్న మంగళవారం రేపల్లెలో కన్నుమూశారు. తెనాలిలో నా తరగతి గదికి కబురు అందినప్పుడు సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆదివారమే కదా మా ఇంటికొచ్చి, నాతో వాదించి, నన్ను ఓడించి వెళ్లారు! ఇంతలోనే ఇదేమి అన్యాయం?

ఆయన మా అక్క భర్త. ఇరవై ఏళ్లు తెరచాప పడవ నడిపి, నిజాంపట్నం రేవుకు ఇంజను బోట్లు వచ్చిన కొత్తలో వాటిని నడిపే సరంగుగా చేరారు. చదివింది మూడో తరగతే అయినా సముద్రధర్మం ఆయన నోట వినాలి. "ఇంజను బోటు తెరచాపకి తప్పుకోవాలి. తెరచాప, వలేసుకున్న పడవకి తప్పుకోవాలి. చుక్కాని విరిగినోడికి అందరూ తప్పుకోవాలి. ఎవడికి తిరగటం తేలికో వాడే తిరగాలి మాస్టారూ, అంతే!" అనేవారు. మాస్టారూ అనడం నన్ను ఆటపట్టించడానికే.

నేల మీదా అదే నియమం. బాపట్లలో పెళ్లికి ఇద్దరం సైకిలు మీద పోతుంటే, ఎదురొచ్చిన గడ్డిబండి కోసం దిగి నిలబడ్డారు. వెనక మరో నాలుగు బండ్లు. ముహూర్తం దాటిపోతోందండీ అని నేను మొత్తుకుంటే, "ఎద్దులు ఆగితే మళ్లీ కదలటం ఎంత కష్టం! నీ సైకిలుకేంటి నొప్పి?" అన్నారు. మేము వెళ్లేసరికి విస్తళ్లు ఎత్తేస్తున్నారు.

ఇంతటి మనిషీ ఒక తప్పు చేశారు. సరంగైన తొలి ఏడాదే, ప్రాణమిత్రుడు వీరాస్వామి తెరచాప పడవ పట్టపగలు అడ్డంగా వచ్చింది. ఇరవై ఏళ్లూ బయటి రేవుల లాంచీలు తనకు తప్పుకోవడమే ఎరిగిన బావ, పాత అలవాటుకొద్దీ నేరుగా పోనిచ్చారు. ఇప్పుడు ఇంజను తనదేనని స్ఫురించేసరికి ఆ పడవ ముక్కలైంది. దేవుడి దయవల్ల ప్రాణాలు దక్కాయి. బావ తన పాత పడవను తీసుకెళ్లి మిత్రుడి రేవులో కట్టి వచ్చారు. వీరాస్వామి పడవ తీసుకున్నాడు గానీ మాట్లాడటం మానేశాడు. పన్నెండేళ్లు! ఎదురైనప్పుడల్లా బావ "ఏరా వీరాస్వామీ" అని పలకరించడం, అతడు మొహం తిప్పుకోవడం. ఆ ఒక్క పలుకు కోసం ఆయన పడిన వేదన మా అక్కకూ నాకూ తెలుసు.

"దారి తనదైనా, గుద్దుకునేలా ఉంటే తెరచాపవాడూ తప్పుకోవాలని మీరే అన్నారుగా బావా? అతనిదీ తప్పే" అన్నానొకసారి.

మండిపడ్డారు. "నోరుముయ్యి! ఆ పూట వాడి గాలి ఎట్లా ఉందో నీకేం తెలుసు? ఇంజను ఎవడి చేతిలో ఉంది? నా చేతిలో."

ఆ సంగతి మళ్లీ ఎత్తనివ్వలేదు.

దహనానికి ముందు వీరాస్వామి వచ్చాడు. జనం తొలగి దారిచ్చారు. నా వైపు చూసి, "ఆ పూట గాలి బాగానే ఉందండి మాస్టారూ. బోటు రావడం నేను చూశాను, పడవ తిప్పగలిగేవాణ్ణే. నన్నొదిలి ఇంజనెక్కాడని కోపం. దారి నాదేగా, వాడే తప్పుకుంటాడులే అని మొండికేశానండి" అన్నాడు.

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. మిత్రుడి తప్పు తెలిసీ నోరెత్తలేదో, నిజంగా తెలియదో, ఇక అడగడానికి బావ లేరు. అటువంటి మహానుభావుడు మా రేవుకు మళ్లీ దొరకడు.

వీరాస్వామి ఆయన చెవి దగ్గరకు వంగి, "ఒరేయ్ నాంచారయ్యా" అని పిలిచాడు. కాసేపు ఆగి, వినపడలేదేమో అన్నట్టు ఇంకాస్త గట్టిగా పిలిచాడు.