మొదటి కాయ వంతు

సారలమ్మ సముద్రం చూడ్డానికి పోలేదు. కూతుర్ని ఇంటికి తెచ్చుకోడానికి పోయింది. పది రోజుల్లో వచ్చేస్తానని మొగుడికి చెప్పి బస్సెక్కిన మనిషి, కళ్ళాల్లో గడ్డివాములు వేసే రోజుల నుంచి ఇప్పపూలు రాలే రోజుల దాకా ఆ ఇసుకలోనే ఉండిపోయింది.

వాళ్ళది ఛత్తీస్‌గఢ్ బస్తరులో ఎర్రబోరు దగ్గర రోడ్డు దిగి అడవిలోకి నడిస్తే వచ్చే ఊరు. దోర్లోళ్ళనే అడవి జాతి వాళ్ళ ఊరు. తెలుగిళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సారలమ్మ మామ ఎప్పుడో శబరి ఏరు దాటి కూలికొచ్చి అక్కడే గుడిసె వేసుకున్నాడు. ఆయన చచ్చి మట్టిలో కలిశాడు, ఆయన కొడుకు కాశయ్యకి జుట్టు నెరిసింది. అయినా ఊరు ఆ ఇంటిని 'ఏటవతలోళ్ళు' అనే పిలుస్తుంది. పుట్టుక ఇక్కడే, చావు ఇక్కడే, పేరు మాత్రం ఏటికి అవతల. మనుషులు అంతే.

నిరుడు మాత్రం ఒక మంచి జరిగింది. ఆ ఊళ్ళో మామిడి పండుగ అయ్యేదాకా కొత్త మామిడికాయ ఎవరూ నోట పెట్టరు. పచ్చడి లేదు, పప్పు లేదు, రాలిన పిందెను నాకడం కూడా లేదు. పెర్మ, అంటే ఊరి పూజారి, దేవర దగ్గర కోడిని కోసి కొత్త కాయను పెట్టాకే ఊరు తినాలి. ఆ మొదటి కాయను కోసి వండే వంతు ఏటా ఒక ఇంటిది. వండాల్సింది ఆ ఇంటి ఆడమనిషే. నిరుటి పండుగలో మాడ అనే ఆ పెర్మ లేచి, "వచ్చే ఏడు కాశయ్య ఇల్లు" అన్నాడు. సారలమ్మ ఆ మాట విని ఇంటికి పోయి తలుపు వేసుకుని ఏడ్చింది. ఇంక ఏటవతలోళ్ళు కాదన్నమాట.

ఒక తలుపు తెరుచుకుంది, కానీ ఆ ఇంటికి ఇంకో తలుపు మూసుకుని ఉంది. హైవే తారు పనులు జరిగినప్పుడు రోలర్ మీద పనిచేయడానికి వచ్చిన హరిబాబు అనే కోస్తా కుర్రాడితో కూతురు నవీన వెళ్ళిపోయింది. కాశయ్య ఆ పిల్ల పేరు ఎత్తడం మానేశాడు. రెండేళ్ళు. ఈలోగా హరిబాబు గుజరాత్ బోట్ల మీద చేపల వేటకి పోయాడు, ఫోన్ ఆగిపోయింది. నవీన చంటిపిల్లాడితో సముద్రం ఒడ్డు లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోందని తెలిసింది.  ఆ సంగతి తెలిసిన అయిదో రోజు కాశయ్య చుట్ట ఆర్పి, "మన వంతు పండక్కి ఇంటి పిల్ల ఇంట్లో ఉండాలె" అన్నాడు. అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని సారలమ్మ బయల్దేరింది.

విశాఖ దాటాక ఇంకా గంట పైన ప్రయాణం. ఒక వీధి, దానికి అటు లాడ్జీలు, ఇటు సముద్రం. శని ఆదివారాలు జనం పుట్టలోంచి చీమల్లా వచ్చి పడతారు. ఫోన్లు పైకెత్తి కేకలు వేస్తారు, తడిసిన బట్టలతో మంచాలెక్కుతారు, సోమవారం పొద్దున్నే పోతారు. వాళ్ళ దుప్పట్లలో ఇసుక దులపడం తల్లీకూతుళ్ళ పని. ఎంత దులిపినా ఇసుకే. అన్నంలో ఇసుక, పిల్లాడి చెవుల్లో ఇసుక. కొత్త గిన్నె కొంటే నెల తిరక్కుండా తుప్పు. బోరు నీళ్ళు ఉప్పన. కళ్ళ ముందు అన్ని నీళ్ళు పెట్టుకుని క్యాన్ నీళ్ళు కొనుక్కు తాగే ఊరు ఇదేం ఊరే అని సారలమ్మ నెత్తి కొట్టుకునేది.

అన్నిటికన్నా ఆ హోరు ఆమెను చంపేది. అడవిలో మనిషి చెవులతో బతుకుతాడు. ఇప్పపూలు ఏరేటప్పుడు వెనక ఆకు చప్పుడైతే అది మేకో ఎలుగుబంటో తెలియాలి. ఇక్కడ చప్పుడు ఆగదు కాబట్టి ఏమీ వినపడదు. వెనక ఎవరైనా వచ్చి నిలబడితే ఉలిక్కిపడేది. "అమ్మా, ఇక్కడ ఎలుగులు లేవే" అని నవీన నవ్వేది.

"ఎలుగులు లేవు గానీ మనుషులున్నరు గదనే" అనేది సారలమ్మ.

లాడ్జి గేటు పక్కన ఒకావిడ బండి మీద మామిడికాయ ముక్కలు ఉప్పూకారం చల్లి అమ్మేది. సారలమ్మతో ఆమెకు నేస్తం కలిసింది. కానీ బండి మీదికి కాయలు వచ్చిన నాటి నుంచి సారలమ్మ రెండడుగులు దూరంగా నిలబడి మాట్లాడేది.

"ఓలమ్మో, ముక్క తినవేటి? డబ్బులడగను లెద్దూ."

"మా ఊర్ల పండగ గాలేదు."

"మీ ఊరెక్కడ, ఇదెక్కడ! ఇక్కడ తింటే అక్కడ తెలుస్తాదేటి?"

"చెట్టుకు తెలుస్తది."

ఆవిడ పకపకా నవ్వి, బేరానికొచ్చిన వాళ్ళకి కూడా చెప్పి నవ్వించేది. "ఈవిడ చత్తీసుగడ్డు. చెట్లకి జడిసిపోద్ది." సారలమ్మ కూడా నవ్వేది. నోట్లో నీళ్ళూరేవి, మింగేసేది.

నవీనను ఒప్పించడమే కొండ తవ్వినట్టయింది. ఒక రోజు వస్తానంటుంది, మర్నాడు రానంటుంది.

"వచ్చి ఏం చెయ్యాలె? నాయిన మొహం గోడకి తిప్పుకుంటే నేను గోడ చూసుకుంట కూసోవాల్నా?"

"నిన్ను తెమ్మన్నది ఆయనేనే పిచ్చిదానా."

"పేరు పెట్టి అన్నడా?"

 ఇంటి పిల్ల అన్నాడు గానీ నవీన అనలేదు. బస్తరులో మగాళ్ళకి బస్తా వడ్లు ఎత్తడం తేలిక, కూతురి పేరు ఎత్తడం బరువు. పండుగ దగ్గరపడుతోంది. కాశయ్య టవర్ అందే గుట్టెక్కి ఫోన్ చేసినప్పుడల్లా, ఇల్లు ఎర్రమట్టితో అలికాననీ, కొత్త చాట కొన్నాననీ, కత్తిపీటకి సాన పట్టించాననీ చెప్పేవాడు. పిల్ల వస్తోందా అని మాత్రం అడగడు. "సరే, చూసుకో" అని పెట్టేసేవాడు.

ఒక మధ్యాహ్నం సారలమ్మ దుప్పట్లు ఆరేసి గదికి వచ్చేసరికి నవీన పొయ్యి దగ్గర కూర్చుని కూనిరాగం తీస్తోంది. ఆ పిల్ల పాడి ఎన్నాళ్ళయిందో! పక్కనే సంచిలో పిల్లాడి బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

"పోదామే అమ్మా. లాడ్జిలో చెప్పేసిన. ఆడు పోయినోడు ఎప్పుడొస్తడో, అసలొస్తడో లేదో. పిల్లగాడు మన మాటలు నేర్వాలె. కూసో, కూసో, నీకోసం వండిన."

కంచంలో అన్నం పెట్టి పులుసు పోసింది. వేడి పులుసు వాసన మొహానికి తగలగానే సారలమ్మ చెయ్యి ఆగిపోయింది. చేపల పులుసు. చింతపండుది కాదు. మామిడికాయది. ఇక్కడి వాళ్ళు అట్లాగే వండుతారు. చేప ముక్క పక్కన తొక్కతో సహా పచ్చటి ముక్క తేలుతోంది.

నవీన మొహంలో జంకు లేదు, దాపరికం లేదు. మరిచిపోయింది. అంతే. చిన్నప్పుడు పండుగకి ముందు రాలిన పిందెను కాలితో తాకినా గంతేసి దూరం జరిగిన పిల్ల, రెండేళ్ళ సముద్రపు గాలికి శుభ్రంగా మరిచిపోయింది. ఏడాదికోసారి ఊరంతా నోరు కట్టుకుని కూర్చుంటుందన్న సంగతి దాని తలలో లేదు.

"ఏందే చూస్తన్నవ్? బాలేదా?"

ఇది మామిడికాయే బిడ్డా అంటే చాలు. నవీన నాలిక కరుచుకుంటుంది. కంచం తీసేస్తుంది. ఆ తర్వాత ఏమనుకుంటుంది? నాకు అక్కడి తిండి తెలీదు, అక్కడి తీరు తెలీదు, నేను పోయి ఏం చెయ్యాలి అనుకుంటుంది. మడిచిన బట్టలు మళ్ళీ విప్పుతుంది. సారలమ్మకి ఆ పిల్ల సంగతి తెలుసు. ఒక్క మాటకి మారిపోయే మనసు.

సారలమ్మ ముద్ద కలిపి నోట పెట్టుకుంది.

"బాగుంది" అంది.

నిజంగానే బాగుంది. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

బయల్దేరే ముందురోజు కాశయ్య ఫోన్ చేశాడు.  గాలివాన వచ్చిందట, వడగళ్ళు పడ్డాయట. తోపులో కాయ సగం నేల పాలయిందట. "ఎవడో ముందుగాల తిన్నడు అంటన్రు ఊర్ల. మిర్చి కోతలకు పోయొచ్చినోళ్ళను పొలిమేర కాడ ఆపి అడుగుతన్రు."

"ఏ రోజు వచ్చింది వాన?"

ఆయన చెప్పాడు. సారలమ్మ గోడకి ఆనుకుంది. పులుసు తిన్న రోజు. ఆ సాయంత్రమే.

తిన్నవాళ్ళకి పెద్ద శిక్షేం లేదు. ఒప్పుకుంటే పొలిమేర బయటే ఉండాలి, తమ ఇంటి కోడిని పెర్మకి ఇవ్వాలి, ఆయన పూజ చేశాక లోపలికి రావచ్చు. మిర్చి తోటల నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఏటా ఇద్దరు ముగ్గురు అలా దొరుకుతారు, ఊరు నవ్వుతుంది, అయిపోతుంది. కానీ ఈసారి ఊరు నవ్వదు, కాయ సగం నేల పాలయింది. పైగా మొదటి కాయ కోయాల్సిన చెయ్యే తిన్నది. ఆ సంగతి బయటపడితే వంతు పోతుంది. మళ్ళీ ఏటవతలోళ్ళే.

చింతూరు దాకా బస్సులో సారలమ్మ ఒక్కటే అనుకుంది. చెప్పను. ఎవరు చూశారు? సముద్రం చూసింది. దానికి నోరుందిగానీ మాట లేదు. కోంట దగ్గర శబరి కనపడగానే నవీన పిల్లాడిని కిటికీ దగ్గరికి ఎత్తి, "చూడరా, ఇది మన ఏరు. తియ్యటి నీళ్ళు" అంది. సారలమ్మ కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించింది.

రోడ్డు దిగి నడిచారు. పొలిమేర రాయి దగ్గర పెర్మ మాడ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన పెళ్ళాం, పేరు కోసే, సారలమ్మకి ప్రాణ స్నేహితురాలు. కాస్త అవతల కాశయ్య, భుజాన తువ్వాలు, చూపు ఎటో. రాయి పక్కన రాలిన కాయల కుప్ప ఎండి నల్లబడుతోంది. కుప్ప చుట్టూ ఊరి పిల్లలు. పుల్లలతో కాయల్ని పొర్లిస్తున్నారు. ఒక్కడంటే ఒక్కడు వేలు కూడా నాకడం లేదు. ఒకడి పెదాల చివర చొంగ కారుతోంది, తుడుచుకుంటున్నాడు, మళ్ళీ పుల్లతో పొర్లిస్తున్నాడు.

"అచ్చినవా సారలా!" అని కోసే లేచింది. "సముద్రం తాగి నల్లగయినవేందే?"

మాడ నవ్వలేదు. "అందరినీ అడుగుతన్నం. నిన్ను అడగకపోతే బాగుండదు. తిన్నవా?"

సారలమ్మ నోరు తెరిచింది. 'లేదు' అన్న మాట నాలిక మీద సిద్ధంగా ఉంది. చొంగ తుడుచుకుంటున్న పిల్లాడి మీద చూపు పడింది.

"తిన్న" అంది.

కాశయ్య తువ్వాలు భుజం మీంచి జారింది. వంగి తీసుకోలేదు.

"తెలిసే తిన్నవా?"

"తెలిసే తిన్న. నోరు ఆగలే. పులుసు మంచిగుండె."

నవీన అమ్మ వైపు తిరిగింది. పులుసు అన్న మాట వినగానే ఆ పిల్ల మొహంలో రక్తం దిగిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. అంతా ఒక్కసారే గుర్తొచ్చింది.

మాడ చూపు నవీన మీదికి పోయింది. "మరి ఈ పిల్ల?"

సారలమ్మ గబుక్కున ముందుకొచ్చింది. "దానికేంది? అది ఈ ఊరి మనిషి గాదు ఇప్పుడు. చుట్టం. చుట్టాలకు కట్టు లేదు గదా. పండగ చూసి పోతది."

అనేశాక ఆ మాట తన చెవినే కాల్చింది. ఇన్ని నెలలు ఇసుకలో పడి ఉన్నది ఆ పిల్లను చుట్టం కాకుండా చెయ్యడానికే. ఇప్పుడు తన నోటితోనే చుట్టాన్ని చేసింది. కోసే తల దించుకుంది.

నవీన పిల్లాడిని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుంది.

"ఎవరే చుట్టం?" అంది. "నేనూ తిన్న. కాయ వచ్చిన కాడి నుంచి తిన్న. పులుసు వండింది నేనే. అమ్మకు పెట్టింది నేనే."

"నోర్ముయ్యే..."

"నువ్వు మూసుకో. ఈ ఊరిదాన్ని గాకపోతే నన్నెందుకు అడుగుతడు? నాకూ కట్టుంది. నాకూ ఒక కోడి రాయండి."

కాయలు పొర్లిస్తున్న పిల్లల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. మాడ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత దోర్లి భాషలో కోసేతో ఏదో అన్నాడు. చివరికి తెలుగులో, "ఇద్దరూ రాయికి అవతలే ఉండండ్రి. కోళ్ళు రానీ" అన్నాడు. కాశయ్య వైపు చూడకుండా, "ఈ ఏడు వంతు ఊరి మొదట్ల ఉండే సన్న ఇంటికి పోతది" అన్నాడు.

 కాశయ్య వెనక్కి తిరిగి ఊళ్ళోకి నడిచాడు. అలికిన ఇల్లు, కొత్త చాట, సాన పట్టిన కత్తిపీట అన్నీ అక్కడే ఉన్నాయి. సారలమ్మ ఇప్పచెట్టు మొదట్లో కూలబడింది. తల్లీకూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. వాన తన వల్ల పడిందో లేదో సారలమ్మకి తెలీదు. చచ్చేదాకా తెలియదు కూడా. అదే ఆమెను తినేస్తుంది ఇంక.

కాసేపటికి కాశయ్య మళ్ళీ కనిపించాడు. ముందు సన్న ఇంటి వైపు పోయాడు. చంకలో ఉన్న కొత్త చాట ఆ గుమ్మంలో పెట్టి వచ్చేశాడు. రెండు చేతుల్లో రెండు కోళ్ళు తలకిందులుగా వేలాడుతున్నాయి. నేరుగా పొలిమేర దగ్గరికి వచ్చి ఒకదాన్ని పెళ్ళాం ముందు పెట్టాడు.

"పిల్లగాడికో?" అంది కోసే, గాలి కొంచెం తేలికపడుతుందేమోనని.

"నోట్ల పండ్లు రానోడికి పాపమేంది" అన్నాడు మాడ.

రెండో కోడిని కాశయ్య పట్టుకునే నిలబడ్డాడు. నవీన లేచింది. పిల్లాడిని అమ్మ ఒళ్ళో పడేసి చేతులు చాపింది. రెండేళ్ళయింది వాళ్ళు ఒకరికొకరు ఇంత దగ్గరగా నిలబడి. కాశయ్య కూతురి మొహం చూడలేదు. చాపిన చేతులు చూశాడు. ఉప్పునీళ్ళకి, సబ్బుకి పగిలిపోయిన చేతులు.

"నవీనా" అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "కాళ్ళు గట్టిగ పట్టుకో. ఇది ఎగురుతది."