గాజు సొరతీగకు నా ముడి

ఆ గాజు మొక్కలంటే నాకు మొదటి రోజు నుంచే గిట్టదు. కరోనాకు మా ఆయన పనిచేసే, బట్ట నేసే సాంచాల కార్ఖానా మూతపడింది. బతకడానికొచ్చిన పరాయి రాష్ట్రంలో, నవాగామ్‌లో ఒక్క గదిలో నలుగురం మొహమొహాలు చూసుకుంటున్నప్పుడు నాకు మ్యూజియంలో తుడిచే పని దొరికింది. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ జీతంతోనే.

జనాన్ని రానివ్వడం లేదు. ఆ పెద్ద హాల్లో నేనూ, మా ఆఫీసరూ, అద్దాల పెట్టెల్లో గాజు పత్తిమొక్కా, గాజు సొరతీగా. అచ్చం పెరట్లోవే అనిపించేవి. ఆకు మీద నూగు కూడా గాజే. ఎవరో ఏళ్ల తరబడి చేత్తో చేశారట. మా పిల్లలకు జ్వరమొస్తే చూసే దిక్కు లేదు, వీటికి మాత్రం రోజంతా ఏసీ. ఒళ్లు మండేది.

ఆఫీసరు తెలుగువాడే. నన్ను తిట్టేటప్పుడు తప్ప ఆ సంగతి బయటపడనిచ్చేవాడు కాదు.

ఒకరోజు సాయంత్రం, ఇళ్లలో కూర్చున్న జనానికి ఫోన్లో చూపించాలని ఆయనే సొరతీగ పెట్టె తెరిచి వీడియో తీశాడు. మర్నాడు తుడవబోతే నులితీగ ఒకటి విరిగి, లోపలి సన్నని ఇనుప తీగకు వేలాడుతోంది.

మా ఇళ్లలో పోగు తెగితే ఎవరినీ అడగం. ముందు ముడి, తర్వాతే మాట. నా కొంగుకు ఎప్పుడూ రెండు పోగులుంటాయి. విరిగిన కొసలు కలిపి, పోగు చుట్టి, ముడి వేసేశాను. అది సాంచా కాదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

"ఎవరు కట్టారిది?" అన్నాడు ఆఫీసరు.

"నేనే సార్. ఇరిగి కనవడ్డది, కట్టిన."

"విరగ్గొట్టావు కాబట్టే కట్టావు."

"నిన్న పెట్టె తెరిచింది మీరే గద సార్."

"ముందు ఆ మాస్కు పైకి పెట్టుకుని మాట్లాడు."

ఆ రోజే నన్ను తీసేశాడు. పగలగొట్టే మనిషినని నలుగురికీ చెప్పాడు. మళ్లీ సాంచాలు తిరిగేదాకా ఎవరూ పని ఇవ్వలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

మ్యూజియం తెరిచాక నా కూతుర్ని తీసుకుని వెళ్లాను. సొరతీగ దగ్గర ఆయన ఎవరికో ఆ పనితనం వివరిస్తున్నాడు. నులితీగ మీద నా ముడి అలాగే ఉంది. తీస్తే ఊడిపోతుందని ఆయనకూ తెలుసు.

నన్ను చూశాడు. గడ్డం కిందున్న మాస్కు పైకి లాక్కున్నాడు.