ఎవరూ వెళ్ళని మంచుకొండ

పన్నెండో తరగతిలో ఉండగా మా అమ్మాయి ఒకే ఒక్క కోరిక కోరింది. "నాన్నా, ఈ వింటర్ బ్రేక్‌కి ఓన్లీ మనమే వెళ్దాం. నో ఆంటీస్, నో అంకుల్స్. ప్లీజ్!"

న్యాయమైన కోరికే. మేముండే నోవై ఊళ్ళో మేం ఎక్కడికి కదిలినా ఐదు కుటుంబాలు, మూడు రైస్ కుక్కర్లు, ఒక పులిహోర గిన్నె వెంట కదులుతాయి. అందుకని జనం రాని స్కీ రిసార్ట్ కోసం వారం రోజులు వెతికాను. చివరికి మొంటానాలో ఒక మూల దొరికింది. కుర్చీల్లో కూర్చోబెట్టి కొండెక్కించే లిఫ్టులు రెండే, నడుంలోతు మంచు, అదీ జల్లించిన బియ్యప్పిండిలా పొడిపొడిగా. అమ్మాయికి స్కూల్లో స్కీయింగ్ నేర్పారు సరే, నాకు రాదన్న సంగతి మాత్రం తట్టలేదు.

అంతటితో ఊరుకుంటే నేను తెలుగువాణ్ణి ఎలా అవుతాను! నలుగురినీ అడక్కుండా టూత్‌బ్రష్ కూడా కొనను. అక్కడికి మనవాళ్ళెవరూ పోరని రూఢి చేసుకోవడానికి మా వాట్సాప్ గ్రూప్‌లోనే అడిగాను: "ఈ రిసార్ట్‌కి ఎవరైనా వెళ్ళారా?" కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఎవరూ వెళ్ళలేదట. "మస్తుందన్నా! మేం కూడా బుక్ చేస్తున్నం" అంటూ గంటలో నాలుగు కుటుంబాలు తయారు. మా ఆవిడ చూసిన చూపుకి మొంటానా మంచంతా కరగాలి. అమ్మాయి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నాకు దానికే భయమేసింది.

అలా పద్దెనిమిది మందిమి దిగాం. తీరా చూస్తే అక్కడ కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి ఒక్క వాలూ లేదు. మాలో ఒక పెద్దమనిషి నడుం దాకా కూరుకుపోగానే మిగతావాళ్ళు కాటేజ్‌లో పేకాటకు కూర్చున్నారు. మా ఆవిడ వాళ్ళ ఉప్మా దగ్గర ఇరుక్కుపోయింది. లిఫ్ట్ ఎక్కింది నేనూ అమ్మాయీ మాత్రమే.

పైనుంచి కిందికి చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. చచ్చినా కుర్చీ దిగనన్నాను. లిఫ్ట్ నడిపేవాడు తల పట్టుకుని, అదే కుర్చీలో వెనక్కి పంపాడు. అమ్మాయి కూడా దిగలేదు.

సగం దూరం వచ్చాక అంది, "నాన్నా, నాకు మెడిసిన్ వద్దు. ఐ వాంట్ టు టీచ్."

అరవడానికి నోరు తెరిచాను. చుట్టూ మంచు తప్ప ఎవరూ లేరు.

"ఇది చెప్పడానికే మనమే వెళ్దాం అన్నాను. అంకుల్స్ ముందు చెప్తే వాళ్ళ కోసం నో అంటావ్. ఒక్కడివే ఉంటే వింటావ్."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నిజమే మరి.

"ఏ క్లాసు పిల్లలకి చెప్తావమ్మా?" అన్నాను. లిఫ్ట్ కిందికి చేరేదాకా చెబుతూనే ఉంది.