కంటికి బిగించిన క్లాంపు

మా కార్ఖానాలో ఆయన్ని అందరం ఉలి మామ అనేవాళ్ళం. కుర్చీలు చేసేవాడు. మేకు కొట్టిన కుర్చీ ఒక్కటీ ఆయన చేతి నుంచి బయటికి రాలేదు; అన్నీ జిగురుతో అతికించినవే. షుగరు వల్ల ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. కుడికంటి వెనక పొర కూడా ఊడిందని తెలిసిన రోజు ఉలి కింద పెట్టి, చాలాసేపు తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ కంట్లో గ్యాసు నింపింది. పొర అతుక్కునేదాకా ఆ బుడగే నొక్కి పట్టుకుంటుంది, పది రోజులు బోర్లానే ఉండాలంది.

"అంటే జిగురు ఆరేదాకా చెక్కల్ని నొక్కి పట్టే క్లాంపు బిగించారన్నమాట," అన్నాడు మామ.

"అలాగే అనుకోండి. నొప్పి ఎక్కువైతే మాత్రం వెంటనే రండి."

ఆ రెండో మాట మామ చెవికెక్కలేదు.

బోర్లా పడుకోవాల్సి వస్తుందని ముందే విన్నాడు గనక, ముఖం పెట్టుకునేందుకు కంత ఉన్న బల్ల ఆపరేషన్‌కి ముందే చేసుకున్నాడు. అంచు ఎంత నునుపు తేల్చాడంటే చెంప మీద గీత పడలేదు. రెండు రోజులు రాయిలా పడి ఉన్నాడు. మూడో రోజు పొద్దున కన్ను పోటెత్తింది. మధ్యాహ్నానికి వాంతి. షుగరు పడిపోయిందేమోనని అత్త వేలు పొడిచి చూసింది. బాగానే ఉంది.

"ఆస్పత్రికి పోదాం, లేవయ్యా."

"నొక్కుతోందంటే పట్టుకుందనే. ఇప్పుడు కదిలితే జాయింటు పోతుందే," బల్ల కింద నుంచి గొంతు.

"నలభై ఏళ్ళు జిగురు పూశావుగా. క్లాంపు మరీ బిగిస్తే ఏమవుతుంది?"

మామ బల్ల అంచు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నిన్నేనయ్యా! పోనీ కుర్చీ సంగతే చెప్పు."

"జిగురంతా కారిపోతుంది... జాయింటు నిలవదు."

"మరి లే!"

లేచాడు.

ఆస్పత్రిలో చూస్తే, కంట్లో ఒత్తిడి ఉండాల్సిన దానికి మూడింతలుంది. ఇంకో పూట ఆగుంటే నరం దెబ్బతినేదని చెబుతూనే, డాక్టరమ్మ వెంట్రుకంత సూదితో కాస్త గ్యాసు వదిలింది. పోటు అక్కడికక్కడే తగ్గింది.

"ఎంత తీశారమ్మా?"

"ఆవగింజంత."

తర్వాత నాతో అన్నాడు: "ఆ చెయ్యి వణకలేదురా. నా జన్మలో అంత సన్నపని నేను చెయ్యలేదు."

గ్యాసు కరిగిపోయాక, ఆరో వారంలో, డాక్టరమ్మ వేళ్ళు చూపించి ఎన్నని అడిగింది.

"రెండు. చూపుడువేలి గోరు ఓ పక్కకి వంకరగా కత్తిరించారమ్మా."

"నీకు బుద్ధుందా?" అంది అత్త, ఏడుస్తూ, నవ్వుతూ.

డాక్టరమ్మ గోరు చూసుకుంది. నిజమే. మామ మాత్రం ఇంకా ఆ వేళ్ళనే చూస్తున్నాడు.