పక్కింటి బెల్లుకు తిరిగిన మోటారు

దూరం నుంచి రిమోట్ నొక్కి మోటారు వేసే వైర్‌లెస్ మాడ్యూళ్లు రెండు రకాలు దొరికేవి. చవక రకం చెవులున్నా బుద్ధి లేనిది, అడ్డమైనవాళ్ల పిలుపుకూ పలుకుతుంది. ఖరీదైనది తన జత రిమోట్ మాట తప్ప ఎవరి మాటా వినదు. రెండువేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో నర్సీపట్నంలో ఇవేవీ దొరక్క, విశాఖపట్నం దాకా బస్సులో వెళ్లి, కొట్టువాడు వద్దంటున్నా చవకదే తెచ్చాను. మేడ మీద నుంచే నూతి మోటారు వెయ్యాలని నా సరదా. ఒకసారి నొక్కితే తిరగాలి, మళ్లీ నొక్కితే ఆగాలి. బిగించిన రోజే తిరిగింది. ఆ రోజు నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

వారం తిరక్కుండానే మోటారు దానంతట అదే తిరగడం మొదలుపెట్టింది. రిమోట్ చూస్తే నా జేబులోనే ఉండేది. పెరట్లో టక్కుమని ఓ చప్పుడు, ఆ వెంటనే హోరు. మనిషన్నవాడు లేని పెరట్లో అలా తిరుగుతుంటే, కట్టినవాణ్ణి నాకే ఒళ్లు జలదరించేది.

"ఏటిరా ఇది, ఎవులూ ముట్టుకోకుండానే తిరుగుతంది" అంది అమ్మ.

కారణం పక్కింట్లో దొరికింది. పక్షవాతంతో మంచాన పడ్డ తాతగారికి ఆయన కోడలు వైర్‌లెస్ కాలింగ్ బెల్లు కొంది. మీట ఆయన చేతి దగ్గర, బెల్లు ఆవిడ పని చేసుకునే చోట. మాట పడిపోయిన మనిషికి ఆ మీటే నోరు. ఆయన నొక్కినప్పుడల్లా అక్కడ బెల్లు మోగేది, ఇక్కడ మా మోటారు తిరిగేది.

సంగతి తెలిశాక అమ్మకు భయం పోయింది. మోటారు తిరిగితే కట్టేసి, గోడ మీంచి "మీ మావయ్యగారు పిలుస్తన్నారు, బేగి సూడమ్మా" అని కేకేసేది. కోడలు పలకని వేళ తనే వెళ్లి ఆయనకు నీళ్లు తాగించి వచ్చేది. నాకు మాత్రం తలకొట్టేసినట్టుండేది. నేను ఇంత కష్టపడి కట్టింది పక్కింటి పిలుపుల కోసమా అని చిరాకు.

ఎండలు ముదిరాయి. "నూతిలో నీళ్లు అడుగంటేయి. ఊరికే తిరిగితే కాయిలు మాడిపోతాది. దాని సంగతేటో సూడు" అన్నారు నాన్న. ఈసారి ఖరీదైన రకమే తెచ్చి బిగించాను. ఇక మోటారు ఊరికే తిరగదని ఇంట్లో అందరికీ చెప్పాను, అంతకు మించి వివరించలేదు. అమ్మ సరేనంది. పెరడు చప్పుడు లేకుండా అయిపోయింది. అది ఎందుకో నాకు నచ్చలేదు. అలవాటు తప్పినందువల్లేమో అనుకున్నాను.

ఆ వేసవిలోనే ఒక పొద్దున కోడలు, బెల్లు పక్కన పెట్టుకుని, మేడ మీద జీడిపిక్కలు ఎండబోస్తోంది. బెల్లులో బ్యాటరీ అయిపోయిందని ఆవిడకు తెలియదు. కిందికి దిగేసరికి తాతగారు మంచం మీంచి జారి నేల మీద ఉన్నారు. ప్రాణం లేదు. మీట గుప్పిట్లోనే ఉంది, బొటనవేలు ఇంకా దాన్ని నొక్కుతూనే ఉంది.

ఏడుపు విని పరుగెత్తాం. అమ్మ ఆ గుమ్మంలోనే ఆగిపోయింది. పొద్దున్నించీ మోటారు పక్కనే కూర్చుని అంట్లు తోముకున్న మనిషి, చేతులకింకా తడి ఆరలేదు. లోపలికి చూసి, నావైపు తిరిగింది.

"మోటారు తిరగలేదు కదరా" అంది. "తాతగారు బాగానే ఉన్నారనుకున్నాను."